ఊకలో చుట్టిన హిమానీనదం

మా మేనత్త సుభద్ర పెద్దకర్మకి అమలాపురం వెళ్ళినప్పుడు, ఇంటి ముందు వేసిన షామియానా కింద కూర్చున్నవాళ్ళలో సగం మంది నాకు తెలియనివాళ్ళు. జుట్టు నెరిసిన మగవాళ్ళు, మనవల్ని ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు. బంధువులు కారు, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు. మామూలుగా అలాంటి చోట పోయినవాళ్ళ మంచితనం గురించి మాట్లాడుకుంటారు, ఆఖరి రోజుల్లో ఏం తిన్నారో, ఎవర్ని తలుచుకున్నారో చెప్పుకుంటారు. అక్కడ మాత్రం ఎవర్ని కదిపినా ఐసు గురించే. రామచంద్రపురంలో ధాన్యం వ్యాపారం చేస్తానన్న ఒకాయన విస్తరి ముందు కూర్చుని కూడా పక్కాయనకి అదే చెబుతున్నారు. "అప్పటికి మంచంటే మాకు తెల్లారగట్ల కొబ్బరితోటల్లో పట్టే పొగమంచేనండి. ఈవిడేమో మంచు నడుస్తుందన్నారు. అని ఊరుకున్నారా, మా కళ్ళముందు నడిపించి చూపించేరు." ఆ పక్కాయన ఆ ఊరి అల్లుడట. తలైతే ఊపాడు గానీ నమ్మలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. నాకు మాత్రం ఆ మాట వినగానే ముక్కుకి తడిసిన గోనెసంచి వాసన తగిలింది. ఆ మంచు తయారైన ఇంట్లోనే నేను పెరిగాను.

మాది గోదావరి మధ్య లంక. అక్కడి బడి ఏడో తరగతితో సరి. ఎనిమిదిలో చేర్పించడానికి నాన్న నన్ను రాజోలు దగ్గర అత్తయ్య ఇంట్లో దింపి వెళ్ళాడు. అత్తయ్య ఆ ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు. మావయ్య మస్కట్‌లో పనిచేసేవారు, సెలవు దొరికినప్పుడే రాక. పిల్లలు లేరు. ఆవిడకి తోడుగా మామ్మ ఉండేది, అంటే నాన్నకీ అత్తయ్యకీ అమ్మ. ఆ ఇల్లు మామ్మ మజ్జిగ కవ్వం చప్పుడుతో నిద్రలేచేది. చలికాలమైనా వానాకాలమైనా ఆవిడ వెలుగు రాకముందే స్తంభానికి ఆనుకుని కూర్చుని చిలికేది, వెన్న తేలగానే చిటికెడు తీసి నా అరచేతిలో పెట్టేది. వంటింట్లో కొబ్బరి డొక్కల పొగ, పెరట్లోంచి కాలవలో నానేసిన పీచు కంపు, వరండాలో అత్తయ్య కట్టుకోబోయే గంజిచీర వాసన, ఇవన్నీ కలిసి నాకు పొద్దుట అంటే ఏమిటో చెప్పేవి. అత్తయ్య బడికి వెళ్ళేముందు ప్రతిరోజూ పెరటి గుమ్మంలో నిలబడి ఆకాశం చూసేది. ఎందుకని అడిగితే, పొద్దున్నే కాస్త పెద్దదాన్ని చూస్తే రోజంతా బుర్ర చిన్నది కాకుండా ఉంటుందని చెప్పింది. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. అయినా పక్కన నిలబడి నేనూ చూసేదాన్ని.

ఒక సెలవులో మావయ్య కాకినాడ నుంచి ఫ్రిజ్జు తెప్పించారు. మా వీధిలో అదే మొదటిది. దాన్ని ఎద్దుబండి మీద గడ్డి పరిచి తెచ్చారు, వెనకాల పిల్లలందరం నడిచాం. మామ్మ దాన్ని వంటింటి గడప దాటనివ్వలేదు. చల్లదనానికి కుండ ఉండగా ఈ మోత దేనికని ఆవిడ వాదన. అందుకని హాల్లో గోడగడియారం కింద పెట్టారు. కరెంటు ఉన్నంతసేపూ అది గుర్రుమనేది, పోయినప్పుడల్లా మామ్మ "పడుకుంది" అనేది. అందులో నీళ్ళు తాగితే గొంతు పోతుందని నన్ను బెదిరించేది. తీరా ఎండలు ముదిరాక వెన్న కరిగిపోతుంటే ఆవిడే ఒకరోజు గిన్నె పట్టుకుని దాని తలుపు తీసింది. పై అరలో సత్తుగిన్నె నిండా గులకరాళ్ళు, ఇసుక, బురద కలిసి గడ్డకట్టి కనిపించాయి.

"ఒసే సుభద్రా, మీ ఆయన అంత దూరం పోయి సంపాదించి తెచ్చింది రాళ్ళు దాచుకోడానికా?"

"రాళ్ళు కాదమ్మా, అది రేపటి పాఠం," అంది అత్తయ్య.

ఆ యేడు సోషల్ మాస్టారు బదిలీ అయి వెళ్ళి కొత్తవారు రాకపోవడంతో భూగోళం కూడా అత్తయ్యే చెప్పేది. అలా హిమానీనదాల పాఠం ఆవిడ చేతిలో పడింది. పుస్తకంలో ఒక మసక బొమ్మ ఉండేది. అది కొండో, మబ్బో, అచ్చు సరిగా పడక మిగిలిన సిరామరకో చెప్పడం కష్టం. గడ్డకట్టిన మంచు నదిలా పారుతుందని పుస్తకం అంటోంది. గోదావరి గట్టు మీద పుట్టినవాళ్ళం, పారడం అంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గట్టిగా ఉన్నది పారదు, పారేది గట్టిగా ఉండదు. క్లాసంతా నవ్వాం. అత్తయ్య కూడా నవ్వి, సంచిలోంచి ఆ సత్తుగిన్నె తీసి బల్ల మీద బోర్లించింది. రాళ్ళు పొదిగిన నల్లటి మంచుగడ్డ బయటపడింది. దాన్ని గుడ్డతో పట్టుకుని, బట్టలుతికే సబ్బుబిళ్ళ మీద అదిమి నెమ్మదిగా లాగింది. సబ్బు మీద లోతుగా, ఒకదాని పక్కన ఒకటి గీతలు పడ్డాయి. కొండల మీద రాతిని కూడా ఇది ఇలాగే గీస్తుందని, ఇక్కడ తన చెయ్యి నొక్కింది గానీ అక్కడ దాని బరువే దాన్ని నొక్కుతుందని చెప్పింది. ఆ సబ్బుబిళ్ళ బెంచీల మీదుగా చేతులు మారింది. ఒక్కొక్కళ్ళం ఆ గీతల్లో వేలు పెట్టి చూశాం.

తరవాత మమ్మల్ని బయటికి తీసుకెళ్ళి, ఎండలో ఒక చెక్కని ఇటుక మీద ఏటవాలుగా ఆనించి, ఆ గడ్డని పైన పెట్టింది. మేము గొంతుక్కూర్చుని చూస్తున్నాం. కాసేపు అది కదలలేదు. కింద తడి పుట్టాక మెల్లగా, కనపడీ కనపడనట్టు జారడం మొదలుపెట్టింది. వెనకాల బురద చార వదులుతోంది. దారిలో రాళ్ళు రాలుస్తోంది. చెక్క కొసకి వచ్చేసరికి నిమ్మకాయంత అయ్యి, చివరికి అదీ లేకుండా పోయింది. మిగిలింది చిన్న రాళ్ళకుప్ప. "అది పోయింది. ఇక్కడిదాకా వచ్చిందని మాత్రం ఈ కుప్ప చెబుతూనే ఉంటుంది," అంది అత్తయ్య. చూడ్డానికి ఏముంది, గుప్పెడు ఇసక. కానీ దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి క్లాసులోకి వెళ్ళాం.

ఇంట్లో కూడా ఆ పాఠం మమ్మల్ని వదల్లేదు. మామ్మ కొబ్బరి లౌజు చేస్తూ బెల్లం పాకం పడుతుంటే, అత్తయ్య అందులోంచి కాస్త ముదురుపాకం అడిగి తీసుకుని, అరటి డొప్పని లోయలా ఏటవాలుగా పెట్టి పైనుంచి పోసింది. పాకం మధ్యలో నిలిచాక, ఈ అంచు నుంచి ఆ అంచుకి బియ్యప్పిండితో చుక్కలు పెట్టించింది నాచేత. చుక్కలన్నీ తిన్నగా ఒకే వరసలో ఉన్నాయి. నేనూ అత్తయ్యా వరండాలో నేలమీద కూర్చుని చూస్తున్నాం. మామ్మ గరిటె పట్టుకుని వెనకాల నిలబడింది. పాకం పారుతోందని కంటికి తెలియడం లేదు, కానీ చుక్కల వరస వంగుతోంది. నడుమ చుక్కలు ముందుకి వెళ్ళాయి, అంచుల్లోవి డొప్పని అంటుకుని వెనకబడ్డాయి. చూస్తుండగానే అది విల్లులా అయ్యింది. లోపల మాడు వాసన వచ్చేదాకా మామ్మకి పొయ్యి మీది పాకం గుర్తు రాలేదు.

మామ్మ మాడిన గిన్నె దించి వచ్చి, ఆ మంచుకొండల్లో ఈ పని చేసేదెవరని అడిగింది. ఎవరూ చెయ్యరనీ, మంచు మీద మంచు పడి, ఆ బరువుకి అదే కదులుతుందనీ అత్తయ్య చెప్పింది. మామ్మ చాలాసేపు ఆ చుక్కలనే చూసింది. "ఎవరూ చూడకుండానే అంత పని జరిగిపోతోందన్నమాట," అంది. ఆ సాయంత్రం ఆవిడ పెరటి గుమ్మంలో అత్తయ్య నిలబడేచోట నిలబడి ఉత్తరం వైపు చూస్తుంటే చూశాను.

బడిలో అందరినీ తొలిచే ప్రశ్న ఒకటుంది. మన గోదారి కూడా మంచులోంచే వస్తుందా అని. వస్తుందని అంటే ఎంత బాగుండునో. అత్తయ్య కాదంది. గోదావరి వానలతో బతికే నది అని, ఎక్కడో పడమటి కొండల్లో పుట్టి, వానాకాలంలో పొంగి, ఎండాకాలంలో ఇసకతిన్నెలు బయటపెడుతుందని, మంచు నీళ్ళు గంగలాంటి నదులకని చెప్పింది. మాకు మనసు చిన్నబోయింది. మా తల్లిని ఎవరో ఒక మెట్టు కిందికి దించినట్టు అనిపించింది. వెనక బెంచీలోంచి ఎవరో, అయితే ఆ మంచుతో మనకి పనేంటండీ అని అడిగారు. దానికి జవాబుగా మర్నాడు అత్తయ్య గాజుగ్లాసు నిండా, అంచుకి తగిలేలా నీళ్ళు పోసి, అందులో ఐసుముక్క తేలుతుంటే, అది కరిగాక నీళ్ళు పొర్లుతాయా అని అడిగింది. అందరం పొర్లుతాయన్నాం. ఐసు కరిగింది. ఒక్క చుక్క పొర్లలేదు. తేలే మంచు నీళ్ళలో తన చోటు తను ముందే తీసేసుకుందని, కరిగినా అంతే చోటులో సర్దుకుంటుందని చెప్పింది. మేము ఇంకా నోళ్ళు తెరుచుకుని ఉండగానే నూకరత్నం లేచి నిలబడింది.

నూకరత్నం అంతకు ముందు క్లాసులో లేచి ప్రశ్న అడిగిన గుర్తు లేదు నాకు. అంతర్వేది అవతల సముద్రపొడ్డు పల్లె వాళ్ళది. నాన్న సింహాద్రి వేటకి వెళ్ళేవాడు. చదువు కోసం మా ఊళ్ళో పిన్ని దగ్గర ఉండి, శనివారం సాయంత్రం ఇంటికి పోయి, సోమవారం పొద్దున్నే వచ్చేది. చేపల పెట్టెల్లో ఐసు కొట్టి పోయడం చూసిన పిల్ల గనక ఐసు కొత్త కానిది క్లాసులో తనొక్కతికే. "ఆ ఐసు నీళ్ళలో కాకుండా గట్టు మీద ఉంటేనండీ?" అని అడిగింది.

అత్తయ్య ఆ పిల్లని చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న బస్సు వచ్చినట్టు చూసింది. మర్నాడు మా ఇంటి ఇత్తడి గంగాళం బడికొచ్చింది. కాలవ బంకమట్టి తెచ్చి అందులో మేమే కోనసీమని చేశాం. వేలితో గీసి గౌతమి, వసిష్ఠ పాయలు పారించాం. ఎవరి ఊరు వాళ్ళు అగ్గిపెట్టెతో ఇల్లు కట్టి పెట్టుకున్నాం. కొత్తపేట, అమలాపురం, రాజోలు, మా లంక, అన్నీ ఉన్నాయి. నూకరత్నం అగ్గిపెట్టె చివర్న, మట్టి అంచున ఉంది. సముద్రం కోసం నీళ్ళు పోశాం. మట్టికి ఇవతల గంగాళంలోనే ఇటుకలు పేర్చి, వాటిమీద పెద్ద ఐసుదిమ్మ పెట్టి వరండాలో వదిలేశాం. గంట కొట్టినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి చూస్తున్నాం. మధ్యాహ్నానికి నీళ్ళు అంచు తడిపాయి. ఇంటికెళ్ళే వేళకి చివరి అగ్గిపెట్టె మెల్లగా లేచి తేలింది. అందరం చప్పట్లు కొట్టాం. అంత గొప్ప వింత మేము చూడలేదు. ఎక్కడో ఉన్న మంచు వచ్చి మా నేలని తాకడం మా కళ్ళతో చూశాం.

నూకరత్నం చప్పట్లు కొట్టలేదు. వంగి ఆ అగ్గిపెట్టెని తీసి, నీళ్ళు దులిపి, పుస్తకాల సంచిలో పెట్టుకుంది. "మా ఊరండి," అని మాత్రం అంది.

శనివారం ఇంటికెళ్ళిన పిల్ల సోమవారం రాలేదు. తరవాతి వారమూ రాలేదు. వాళ్ళ పిన్ని వచ్చి, బడికి రానంటోందనీ, కొట్టినా కదలడం లేదనీ కబురు చెప్పి వెళ్ళింది. అత్తయ్యకి అన్నం సహించలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి మామ్మ పక్కన కూర్చుని, చూపించడం ఎలాగో ఆలోచించేను గానీ చూసినవాళ్ళు ఇంటికి ఏం పట్టుకెళ్తారో ఆలోచించలేదమ్మా అంది. మామ్మ, ఆ పిల్ల ఊరు ఎంత దూరమని మాత్రం అడిగింది.

ఆదివారం పొద్దున్నే నేనూ అత్తయ్యా రాజోలు ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాం. దిమ్మని ఊకలో పొర్లించి, రెండు గోనెసంచుల్లో చుట్టి బస్సెక్కించాం. కండక్టరు చేపలకా అని అడిగాడు. పాఠానికండీ అంది అత్తయ్య. దారంతా గోనె నుంచి నీళ్ళు కారి బస్సులో కాలవ కట్టింది. జనం కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. బస్సు దిగాక ఇసకలో నడక. సరుగుడు తోట దాటితే పల్లె, పల్లె దాటితే సముద్రం. నేను సముద్రాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. దాని ముందు మా సంచిలో ఉన్నది ఎంత చిన్నదో చూసి నాకు సిగ్గేసింది.

సింహాద్రి ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి, తుండుతో నులకమంచం దులిపి వేశాడు. ఆయనకి కోపంలేదు. ఏం చెయ్యాలో తెలియని దిగులు ఉంది. "తను బడిలో ఉండగా సముద్రం వచ్చేస్తుందేమోనంటదండి టీచరమ్మగారూ. మేమందరం పోయేకా తనొక్కతీ ఎందుకుండాలంటది," అన్నాడు. నూకరత్నం గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడి ఉంది. మావైపు చూడడం లేదు, సముద్రం వైపే చూస్తోంది.

అత్తయ్య ఖాళీ చేపల పెట్టెలు రెండు ఎడంగా పెట్టించి, వాటిమీద ఐసుదిమ్మని వంతెనలా ఆనించింది. నేను తెచ్చిన సన్నటి తీగని దిమ్మ మీదుగా వేసి, రెండు కొసలకీ సింహాద్రి ఇచ్చిన లంగరు రాళ్ళు కట్టి వేలాడదీసింది. ఇంక చూడ్డమే అంది. పల్లెలో పిల్లలు, వాళ్ళ వెనకాల ఆడవాళ్ళు, ఒడ్డున పడవల దగ్గర ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. తీగ ఐసులోకి దిగడం మొదలైంది. దారం వెన్నలోకి దిగినట్టు దిగుతోంది. సగం దాకా దిగాక సింహాద్రి వంగి, తీగ వెళ్ళిన దారి కోసం దిమ్మ మీద బొటనవేలితో తడిమాడు. దారి లేదు. తీగ లోపలుంది, దాని పైన ఐసు మళ్ళీ అతుక్కుపోయి ఉంది. ఎండకెదురుగా చూస్తే సన్నటి బుడగల గీత తప్ప ఏమీ లేదు. ఆఖరికి తీగ కిందనుంచి బయటపడి, రాళ్ళు రెండూ దబ్బున ఇసకలో పడ్డాయి. దిమ్మ మాత్రం అలాగే నిలబడి ఉంది.

సింహాద్రి దిమ్మని రెండు చేతులా ఎత్తి, తీగ కోసిన చోట విరవాలని చూశాడు. విరగలేదు. దాన్ని జాగ్రత్తగా మళ్ళీ పెట్టెల మీద పెట్టి, "నా పుట్టుకంతా ఐసుతోనేనండి," అన్నాడు.

నూకరత్నం ఎప్పుడు వచ్చిందో మా పక్కన ఉంది. ఆ బుడగల గీత మీద అరచెయ్యి ఆనించి తీయడం లేదు. బరువు పడ్డచోట ఐసు కాస్త కరుగుతుందనీ, బరువు దాటగానే మళ్ళీ గడ్డకడుతుందనీ, కొండల్లో అంత పెద్ద మంచు కూడా రాళ్ళు అడ్డమొస్తే ఇలాగే కరిగి, అవతల అతుక్కుని దాటుతుందనీ అత్తయ్య చెప్పింది. కరగడం చూసినదానివి, అతుక్కోవడమూ చూడాలి కదా, అందుకు తెచ్చేనంది.

"అయితే సముద్రం రాదాండీ?" అంది నూకరత్నం.

అక్కడున్న అందరూ అత్తయ్య మొహంలోకి చూశారు. రాదని ఒక్కమాట అంటే సరిపోయేది. నేనైతే అనేసేదాన్ని.

"వస్తుందో రాదో నాకు తెలీదమ్మా. రాదని నీకు అబద్ధం చెప్పను. వచ్చినా నువ్వు బడికెళ్ళి వచ్చేలోపల రాదు. ఈ తీగ కంటే చాలా నెమ్మదిగా వస్తుంది. ఎంత నెమ్మదో కనిపెట్టేవాళ్ళు ఉండాలి కదా. కనిపెట్టడం రావాలంటే చదువుకోవాలి."

పిల్ల కదలలేదు. సింహాద్రి కాసేపు ఇద్దరినీ చూసి, పాకలోకి వెళ్ళి సరుగుడు గుంజ ఒకటి తెచ్చాడు. పోటుకి నీళ్ళు ఎంతవరకూ వస్తాయో అక్కడ, నాచు చార పక్కనే దాన్ని పాతి, రాయితో బలంగా దిగ్గొట్టాడు. తిరిగి వచ్చి కూతురి ముందు కూర్చున్నాడు. "నువ్వు బడికెళ్ళు. నేను చూస్తుంటాను. దీన్ని దాటిందంటే కబురంపుతాను," అన్నాడు. దూడని చూస్తుంటానని చెప్పినట్టు చెప్పాడు. నూకరత్నం ఆ గుంజ దాకా నడిచి, దాన్ని ఊపి చూసి, వెనక్కి వచ్చి సంచి సర్దుకుంది. ఆ సాయంత్రం బస్సులో మా ఇద్దరి మధ్యా కూర్చుని మా ఊరు వచ్చింది.

సింహాద్రి మాట తప్పలేదు. తన కూతురు కాకినాడలో కాలేజీ చదువుతున్న రోజుల్లో ఊరివాళ్ళ చేత నిజంగానే కబురంపాడు. గుంజ దాటింది, ఇల్లు వెనక్కి జరుపుతున్నాం, కంగారు లేదు, పరీక్షలు రాసి రా అని. ఆ పల్లె తరవాత మరోసారి జరిగింది. మేము నడిచిన సరుగుడు తోట ఇప్పుడు లేదు, ఆ చోట పడవలు తిరుగుతున్నాయి. అది అంతా హిమానీనదాల పనేనని నేను అనను. నది తెచ్చే ఒండ్రు తగ్గింది, గాలివానలు ఒడ్డుని కోశాయి, ఇంకా ఎన్నో ఉన్నాయని నూకరత్నమే నాకు చెప్పింది. తను సైన్సు టీచరై ఈ మధ్యే రిటైరయింది. మొన్నమొన్నటిదాకా తన క్లాసుకి అప్పుడప్పుడూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఇప్పుడు ఐసు ఎవరికీ వింత కాదు, ప్రతి ఇంట్లోనూ ఫ్రిజ్జు ఉంది. గోడమీద తెర వేసి మంచుకొండలు విరిగి సముద్రంలో పడడం రంగుల్లో చూపిస్తున్నారు. పిల్లలు దాన్ని వింతపడకుండా చూస్తారు, ఫోన్లో ముందే చూసేసి ఉంటారు. కానీ నూకరత్నం ఐసుదిమ్మ మీద తీగ వేసి రాళ్ళు వేలాడదీస్తే మాత్రం, మొదట ఫోన్లు ఎత్తినవాళ్ళు కాసేపటికి వాటిని దించేసి ముందుకి వంగుతారు. తేడా అడిగే ప్రశ్నల్లో ఉంది. మేము మంచు నడుస్తుందని విని నమ్మలేకపోయాం. ఈ పిల్లలు, మేం పెద్దయ్యేదాకా అది ఉంటుందా మేడమ్ అని అడుగుతున్నారు. మాకు అది చాలా దూరం, చాలా పెద్దది, ఎప్పటికీ ఉండేది. వీళ్ళకి దాని పేరుతో పాటే అది పోతోందన్న సంగతి తెలిసింది. ఏది మంచి బాల్యమో నేను తేల్చలేను. నోరు తెరుచుకుని చూసే క్షణం మాత్రం ఇద్దరికీ ఒక్కలాగే ఉంది, అది నేను వెనక బెంచీలోంచి చూశాను.

ఇన్నేళ్ళు పాఠం చెప్పిన అత్తయ్య హిమానీనదాన్ని కళ్ళతో చూసింది మాత్రం డెబ్బై దాటాక. మావయ్య పోయాక ఒకసారి నూకరత్నం ఎండాకాలం సెలవులకి టిక్కెట్లు తీసి, మీరు రాకపోతే నేనూ వెళ్ళనని పట్టుబట్టింది. ముగ్గురం కాశ్మీరు వెళ్ళాం. సోనమర్గ్ నుంచి గుర్రాల మీద పైకి. అత్తయ్య గుర్రమెక్కడం అదే మొదలు, జీను పట్టుకున్న చేతులు తెల్లబడ్డాయి, అయినా దిగుతాననలేదు. దేవదారుల మధ్యనుంచి దారి తిరగగానే ఎదురుగా, రెండు కొండల నడుమ నుంచి అది దిగి వస్తోంది. మాతో వచ్చిన యాత్రికులు కొందరు నిరాశపడ్డారు. అంచున అంతా రాళ్ళు, దుమ్ము, నల్లటి మరకలు. ఇది మంచేనా అని ఒకాయన విసుక్కుంటూ ఫొటో తీసుకుని వెనక్కి తిరిగాడు. గుర్రాలు నడిపే పెద్దాయన దూరంగా కింద ఉన్న బండరాళ్ళ వైపు చెయ్యి చూపించి, తన చిన్నప్పుడు మంచు అక్కడిదాకా ఉండేదని హిందీలో చెప్పాడు. అత్తయ్య ఆ బండరాళ్ళని చూసింది, మంచుని చూసింది, ఆ రెండింటి మధ్య ఖాళీని చాలాసేపు చూసింది.

తరవాత నూకరత్నం భుజం పట్టుకుని రాళ్ళమీదుగా అంచు దాకా వెళ్ళింది. చెయ్యి ఆనించింది. అక్కడ మంచు తెలుపు కాదు, లోపల్లోపల నీలం. ఒంగి చెవి ఆనించింది. నేనూ ఆనించాను. లోపల ఎక్కడో లోతున నీళ్ళు పారుతున్నాయి. వాటికంటే కిందనుంచి, బరువైనది ఏదో ఒళ్ళు కదుపుకున్నట్టు ఒక్క మూలుగు వినిపించింది. అత్తయ్య నిటారుగా నిలబడింది. కింద నుంచి పైదాకా, కొండ భుజం మీద అది మబ్బుల్లో కలిసే చోటు దాకా తలెత్తి చూసింది. కళ్ళనిండా నీళ్ళు, తుడుచుకోవాలని తోచలేదు ఆవిడకి.

"నూకరత్నం, మనం పిల్లలకి చాలా తక్కువ చెప్పేమే," అంది.

"ఆయ్. తక్కువే చెప్పేమండి," అంది నూకరత్నం.

ఎండ వాలుతోంది, దారిలో చలి పెరుగుతుందని గుర్రాల పెద్దాయన కిందనుంచి కేకేశాడు. కాసేపాగి మళ్ళీ కేకేశాడు. అత్తయ్య తల దించలేదు. మేమిద్దరం ఆవిణ్ణి పిలవలేదు.